బరువు దించితే నడుస్తుంది
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న మద్దతు ఆపేసింది. అప్పటినుంచి నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే సంగతి అడుగుతున్నాయి: ఉన్న కంప్యూటర్‌ని ఏం చెయ్యమంటారు అని. ఈసారి వాటిలోంచి ఐదు తీసుకున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, దాని వెనక బడి పిల్లలున్నారు కాబట్టి.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను బొబ్బిలి దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కంప్యూటర్ గది కూడా నా మీదే ఉంది. అందులో పన్నెండు సిస్టమ్‌లు, అన్నీ 2011లో వచ్చినవే, రెండు జీబీ ర్యామ్. ఎవరో విండోస్ 10 వేసి వెళ్లారు. ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రావడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. పీరియడ్ ఉండేదే నలభై అయిదు నిమిషాలు. స్క్రాప్ కింద రాసి పంపేయమని కొందరు, విండోస్ బదులు తేలికైన లినక్స్ వేసి చూడమని ఒకరు అంటున్నారు. అది నిజంగా పనిచేస్తుందా? జనం అది ఎందుకు వేసుకుంటారు?

జవాబు: మాస్టారూ, స్క్రాప్ కాగితం మీద ఇంకా సంతకం పెట్టకండి.

విజయనగరంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. మా దగ్గర ఉన్నవీ అచ్చం మీ మెషీన్లే: డ్యూయల్ కోర్ ప్రాసెసర్, రెండు జీబీ ర్యామ్, 320 జీబీ హార్డ్‌డిస్క్. ఒకరోజు పిల్లలు వెళ్లిపోయాక ఒక మెషీన్ ముందు కూర్చుని టాస్క్ మేనేజర్ తెరిచాను. నేను ఒక్క ప్రోగ్రామ్ కూడా తెరవలేదు, అప్పటికే ర్యామ్‌లో 1.4 జీబీ నిండి ఉంది. బ్రౌజర్ తెరిచేసరికి మిగిలింది కూడా అయిపోయింది. డిస్క్ వాడకం నూటికి నూరు చూపిస్తోంది. హార్డ్‌డిస్క్ పనిచేస్తున్నప్పుడు వెలిగే లైటు, సీపీయూ డబ్బా మీది ఆ ఎర్ర లైటు, ఆరకుండా వెలుగుతూనే ఉంది. ఆ లైటు అర్థమైతే మీ పన్నెండు సిస్టమ్‌ల జబ్బు అర్థమైనట్టే.

ర్యామ్ అంటే వంటింట్లో స్టవ్ పక్కన గట్టు అనుకోండి. హార్డ్‌డిస్క్ అటక. గట్టు మీద చోటు చాలకపోతే డబ్బాలు అటక మీద పెట్టాలి, కావాల్సినప్పుడల్లా స్టూలెక్కి దించుకోవాలి. అప్పుడు వంట ఆలస్యమయ్యేది వండే మనిషికి చేతకాక కాదు, ఎక్కి దిగడానికే పొద్దంతా పోతుంది. మీ మెషీన్లు అలా ఎక్కి దిగుతున్నాయి. ప్రాసెసర్ బాగానే ఉంది. దాని మీద పెట్టిన బరువు దాని వయసుకి ఎక్కువైంది.

తేలికైన లినక్స్ అనగానే ముక్కలు కోసేసిన లినక్స్ అనుకుంటారు. అలా కాదు. లోపల మెషీన్‌ని నడిపే గుండెకాయ, అంటే కెర్నెల్, పెద్ద సర్వర్లలో ఉండేదే. తేడా అంతా దాని పైన పెట్టే సామానులో ఉంటుంది. ఉబుంటు అనే లినక్స్‌లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ వస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ మీ రెండు జీబీల్లో పెద్ద వాటా అదే తినేస్తుంది. యాంటిఎక్స్ అనే డిస్ట్రోలో (డిస్ట్రో అంటే లినక్స్‌లో ఒక కూర్పు) దాని బదులు ఐస్‌డబ్ల్యూఎమ్ అనే చిన్న విండో మేనేజర్ ఉంటుంది. కిటికీ తెరవడం, మూయడం, జరపడం, కింద ఒక పట్టీ, ఒక మెనూ, అంతే. మనం అడగకుండా వెనకాల నడిచే సర్వీసులు కూడా తక్కువ. ఆ సాయంత్రం ల్యాబ్‌లో అదే మెషీన్‌లో యాంటిఎక్స్ వేసి చూశాను. డెస్క్‌టాప్ వచ్చాక ర్యామ్ వాడకం 190 ఎంబీ. ఎర్ర లైటు రెండుసార్లు మెరిసి ఆరిపోయింది. ఆరిన ఆ లైటుని చూస్తూ కాసేపు అలాగే కూర్చున్నాను. అప్పటికి నాలుగు మెషీన్లు పాతసామాను కింద పంపించేసి ఉన్నాం. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

లినక్స్ వేసే ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, చాలామంది దాన్ని వదిలేస్తారు. సీపీయూ మూత తీసి పెయింట్ బ్రష్‌తో దుమ్ము దులపండి. ర్యామ్ బయటికి తీసి, బంగారు రంగులో మెరిసే కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది తిరిగి పెట్టండి. తరవాత మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ కనిపిస్తుంది, దాని మీద సీఆర్2032 అని ఉంటుంది. దాన్ని మార్చండి. ముప్పై నలభై రూపాయలకి వాచీల షాపులో కూడా దొరుకుతుంది. ఈ బ్యాటరీ అయిపోతే కరెంటు తీసిన ప్రతిసారీ మెషీన్ తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. ఇప్పటి వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్లకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. మెషీన్ ఇంకా 2011లోనే ఉన్నాననుకుంటే బ్రౌజర్ ఏ సైటునీ నమ్మదు, కనెక్షన్ సురక్షితం కాదంటుంది. లినక్స్ వేశాం, నెట్ రావట్లేదు, ఇది పనికిరాదు అని మళ్లీ విండోస్ వేయించుకున్నవాళ్లని నేను చూశాను. తప్పు ఆ బిళ్లది.

ఇంకో సంగతి. మీవి 32 బిట్ మెషీన్లు, అంటే పాత తరం ప్రాసెసర్ ఉన్నవి, అని ఎవరైనా చెప్పి ఉంటే అలాగే నమ్మేయకండి. రెండు జీబీ ర్యామ్ ఉందని షాపుల్లో 32 బిట్ విండోస్ వేసి ఇచ్చేవారు. ప్రాసెసర్ మాత్రం 64 బిట్‌దే అయ్యుంటుంది. 2011 నాటి డెస్క్‌టాప్ అయితే దాదాపు ఖాయంగా 64 బిట్టే. ఇది ఎందుకు ముఖ్యమంటే, 32 బిట్‌కి రోజులు దగ్గరపడ్డాయి. గూగుల్ క్రోమ్ 32 బిట్ లినక్స్‌ని 2016లోనే వదిలేసింది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌కి 32 బిట్ పీసీల్లో వేసుకునే ఇన్‌స్టాలరే లేదు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కూడా ఆపుతున్నామని 2025లోనే ప్రకటించింది. మీవి 64 బిట్ అయితే ఈ గొడవేమీ మీకు అంటదు.

ఇక ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. డెస్క్‌టాప్ తేలికైంది కానీ వెబ్‌సైట్లు తేలిక కాలేదు. ఫైర్‌ఫాక్స్ ఎక్కడైనా ఫైర్‌ఫాక్సే. రెండు జీబీలతో రెండు మూడు ట్యాబులు హాయిగా నడుస్తాయి, పది తెరిస్తే మళ్లీ అటకెక్కడం మొదలవుతుంది. యూట్యూబ్ పాఠాలు 360పీలో పెట్టుకోండి, లేదా ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకున్న వీడియోలని వీఎల్‌సీలో వెయ్యండి. లిబ్రె ఆఫీస్, లెక్కలకి జియోజీబ్రా, చిన్నపిల్లలకి టక్స్ పెయింట్, జీకాంప్రీ, పైథాన్, ఇవన్నీ ఇబ్బంది పెట్టకుండా నడుస్తాయి. పాత డీడీఆర్3 ర్యామ్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఒక్కో మెషీన్‌కి ఇంకో రెండు జీబీ కలపండి. ఆ ఒక్క పనితో మెషీన్ నడక మారిపోతుంది. నాలుగు జీబీ అయ్యాక లినక్స్ మింట్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికైన డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్ కానీ, ఎమ్‌ఎక్స్ లినక్స్ కానీ వేసుకోవచ్చు. పిల్లల కళ్లకి అవి యాంటిఎక్స్ కన్నా అలవాటైన రూపంలో ఉంటాయి.

తెలుగు సంగతి మాత్రం మొదటిరోజే చూసుకోండి. సినాప్టిక్ అనే సాఫ్ట్‌వేర్ జాబితాలో ఫాంట్స్-తెలు, ఫాంట్స్-లోహిత్-తెలు అనే ప్యాకేజీలు ఉంటాయి. అవి వేస్తే పోతన, వేమన, లోహిత్ ఫాంట్లు వస్తాయి. టైపింగ్‌కి ఐబస్, దానితోపాటు ఎమ్17ఎన్ వెయ్యాలి. అందులో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ కూడా ఉంది. ఫాంట్ సరిగ్గా పడిందో లేదో చూడ్డానికి నేను ఎప్పుడూ రెండే మాటలు కొడతాను: "స్త్రీ", "రాష్ట్రం". తకారం కిందికి దిగి, రేఫ తన చోట కూర్చుంటే అంతా బాగున్నట్టే. అక్షరాల బదులు డబ్బాలు కానీ, విడివిడిగా చుక్కల గుండ్రాలు కానీ కనిపిస్తే ఫాంట్ పడలేదన్నమాట. పిల్లలు తమ పేరు తమ లిపిలో కొట్టుకోగలగాలి. ఈ విషయంలో నేను రాజీపడను.

పన్నెండూ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక పెన్‌డ్రైవ్‌లో యాంటిఎక్స్ రాయించుకుని, హార్డ్‌డిస్క్ ముట్టుకోకుండా లైవ్‌గా నడిపి చూడండి. మౌస్, సౌండ్, నెట్, ప్రింటర్ పనిచేస్తే ఒక్క మెషీన్‌లో వేసి, తొమ్మిదో తరగతి పిల్లల్ని రెండు వారాలు దాని మీద వదలండి. ఏది నచ్చింది, ఎక్కడ ఇరుక్కుంది అని మీకన్నా ముందు వాళ్లే చెబుతారు. ఇదేదో మీరొక్కరే చేసే వింత ప్రయోగం అనుకోకండి. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో ఏళ్ల తరబడి పిల్లలకి తమ సొంత లినక్స్ మీదే పాఠాలు చెబుతున్నారు.

ప్రశ్న: అక్కా, నేను విశాఖలో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఒకరోజు ఒక సిస్టమ్, ఇంకోరోజు ఇంకోటి. నా ఫైళ్లు, సెట్టింగులు ఏవీ నిలవవు. పెన్‌డ్రైవ్‌లో సిస్టమ్ మొత్తం జేబులో పెట్టుకు తిరగొచ్చు అని సీనియర్ చెప్పాడు. నిజమేనా?

జవాబు: నిజమే తమ్ముడూ. సిస్టమ్ తేలిగ్గా ఉంటేనే జేబులో పడుతుంది, కాబట్టి ఇది పై ఉత్తరంలోని సంగతే ఇంకో వైపు నుంచి.

ఇన్‌స్టాల్ చెయ్యకుండా బయటినుంచే నడిచే లినక్స్‌ని నలుగురికీ అలవాటు చేసింది నాపిక్స్. జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 2000లో దాన్ని తెచ్చారు, సీడీ పెట్టి ఆన్ చేస్తే చాలు. తరవాత 2003లో ఆస్ట్రేలియా నుంచి బారీ కౌలర్ పప్పీ లినక్స్ తెచ్చారు. నాకు పప్పీ అంటే ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకో చెబుతాను.

మా ల్యాబ్‌లో ఒకసారి మిక్కిలి ఎండల్లో వరసగా ఆరు హార్డ్‌డిస్కులు పోయాయి. కొత్తవి రావడానికి నెల పట్టేలా ఉంది, ప్రాక్టికల్స్ చూస్తే పది రోజుల్లో. పప్పీ ఐఎస్ఓ, అంటే సిస్టమ్ మొత్తం ఉండే ఫైలు, 400 ఎంబీ చిల్లర, ర్యామ్‌లో చోటుంటే తనని తాను మొత్తం అందులోకి కాపీ చేసుకుంటుంది. మొదటి మెషీన్‌కి పెన్‌డ్రైవ్ పెట్టాను, డెస్క్‌టాప్ వచ్చింది. పెన్‌డ్రైవ్ లాగేశాను. మౌస్ కదులుతోంది, మెనూలు తెరుచుకుంటున్నాయి, ఏమీ ఆగలేదు. అదే పెన్‌డ్రైవ్ రెండోదానికి పెట్టాను, లాగాను. మూడోది. ఆరూ లేచాయి, ఒక్కదానికీ హార్డ్‌డిస్క్ లేదు. పిల్లలు ఆ పది రోజులూ వాటి మీదే సీ ప్రోగ్రాములు ప్రాక్టీస్ చేశారు. సాయంత్రం ఎవరి ప్రోగ్రామ్ వాళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని వెళ్లేవారు, ఎందుకంటే ఆపేస్తే ర్యామ్‌లో ఉన్నదంతా పోతుంది.

అలా పోవడం కొన్నిచోట్ల మేలే చేస్తుంది. నెట్ సెంటర్లలో ఎప్పుడైనా డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూశావా? నేను ఒక సెంటర్‌లో మా చెల్లి కూతురి హాల్‌టికెట్ ప్రింట్ తీయించడానికి వెళ్లి చూశాను. ఆధార్ స్కాన్లు, కులధ్రువీకరణ పత్రాలు, టెన్త్ మార్కుల జాబితాలు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, వందల మందివి. ఎవరూ కావాలని పెట్టినవి కాదు, అప్లికేషన్ పెట్టుకుని వెళ్లిపోయినవాళ్లు వదిలేసినవి. ఒక అమ్మాయి సంతకం స్కాన్ విడిగా ఉంది, ఫైలు పేరు ఆ అమ్మాయి పేరే. నీ పెన్‌డ్రైవ్ నుంచి లేచిన సిస్టమ్‌లో, నువ్వు ఆ మెషీన్ హార్డ్‌డిస్క్‌ని తెరవనంతవరకు, ఇలాంటివేవీ అక్కడ మిగలవు. సమాచారం దాచుకోవాల్సిన జర్నలిస్టుల్లాంటి వాళ్ల కోసం టైల్స్ అనే లినక్స్ ప్రత్యేకంగా ఈ పని మీదే ఉంది. ఆపేస్తే అన్నీ మర్చిపోతుంది, నెట్ అంతా మనం ఎక్కడున్నామో దాచే టార్ అనే నెట్‌వర్క్ మీదుగా నడుపుతుంది. అయితే కీబోర్డు తీగకి ఎవరైనా దొంగ పరికరం తగిలించి ఉంటే ఏ లినక్సూ కాపాడదు. అందుకని బ్యాంకు పనులు మాత్రం ఊళ్లోవాళ్ల మెషీన్ల మీద వద్దు.

నీకు కావాల్సింది మర్చిపోయేది కాదు కదా, గుర్తుంచుకునేది. దాన్ని పెర్సిస్టెన్స్ అంటారు. పప్పీ మొదటిసారి ఆపేటప్పుడు సేవ్ చెయ్యమంటావా, ఎక్కడ అని అడుగుతుంది. పెన్‌డ్రైవ్‌లోనే ఒక సేవ్ ఫైల్ పెట్టించుకుంటే నీ ఫైళ్లు, వాల్‌పేపరు, వేసుకున్న ప్రోగ్రాములు అన్నీ అందులో ఉంటాయి. యాంటిఎక్స్‌లో కూడా ఈ ఏర్పాటు చాలా బాగుంటుంది, లైవ్ యూఎస్‌బీ తయారుచేసే ప్రోగ్రామ్ అందులోనే వస్తుంది. నీకు నా సలహా యాంటిఎక్స్, ఎందుకంటే కోర్సుకి కావాల్సిన జీసీసీ, పైథాన్, జావా డెబియన్ ప్యాకేజీల్లోంచి సులువుగా వస్తాయి. పప్పీలో మామూలుగా అంతా రూట్ హక్కులతోనే, అంటే దేన్నైనా మార్చగల హక్కులతోనే నడుస్తుంది, నేర్చుకునే వయసులో ఆ అలవాటు మంచిది కాదు. మామూలు హార్డ్‌డిస్క్‌లో వేసినట్టు పెన్‌డ్రైవ్‌లోనే ఉబుంటు పూర్తిగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లూ ఉన్నారు. నేను వద్దంటాను. అది నిమిషానికోసారి చిన్నచిన్నవి రాస్తూనే ఉంటుంది, పెన్‌డ్రైవ్ నెమ్మదిస్తుంది, ముందే అరిగిపోతుంది.

కొనేటప్పుడు 32 జీబీ, యూఎస్‌బీ 3, పేరున్న కంపెనీది చూసుకో. బస్టాండులో నూటయాభైకి ఇచ్చేదాని మీద నీ సెమిస్టర్ పెట్టకు. పెర్సిస్టెన్స్ ఫైల్‌కి ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ తాళం పెట్టుకో, ఎందుకంటే జేబులో పట్టేది జేబులోంచి జారుతుంది కూడా. వారానికోసారి ప్రాజెక్టు ఫోల్డర్ ఇంకోచోట కాపీ చేసుకో.

చివరగా ఒక మాట, ల్యాబ్ మనిషిగా చెబుతున్నాను. ముందు ల్యాబ్ ఇన్‌ఛార్జిని అడుగు. బూట్ మెనూ మెషీన్‌ని బట్టి ఎఫ్12, ఎఫ్9, ఎస్కేప్ ఇలా ఉంటుంది. కొన్నిచోట్ల సెక్యూర్ బూట్ ఆపితే కానీ లేవదు, అది వాళ్ల అనుమతి లేకుండా నువ్వు మార్చకూడదు. నన్ను అడిగి చేసిన ఏ విద్యార్థికీ నేను కాదనలేదు. అడగకుండా బయోస్‌లో వేలు పెట్టిన కుర్రాడి వల్ల ఒక పరీక్షరోజు మూడు సిస్టమ్‌లు లేవలేదు, ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. మంచి మెషీన్ ఉన్నవాళ్లు కూడా ఈ తేలికపాటి డిస్ట్రోలు వాడటం చూశాను. వాళ్లకేం అవసరం?

జవాబు: అందరికీ అవసరం లేదు. మీకు గ్నోమ్ కానీ, అలాంటి ఇంకో పెద్ద డెస్క్‌టాప్ కేడీఈ కానీ నచ్చితే హాయిగా వాడుకోండి, తేలికదనం కోసం తేలికదనం అక్కర్లేదు. అయినా వాడేవాళ్లకి కారణాలున్నాయి. ఒకే ల్యాప్‌టాప్‌లో నాలుగైదు వర్చువల్ మెషీన్లు (కంప్యూటర్ లోపలే నడిచే ఉత్తుత్తి కంప్యూటర్లు) నడిపేవాళ్లకి ఒక్కోదానికి 200 ఎంబీ చాలడం పెద్ద లాభం. మీరు ఆఫీసులో ప్రోగ్రాములని విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్ వాడుతుంటే, ఆల్పైన్ అనే చిన్న లినక్స్ ఇమేజ్ చూసే ఉంటారు, అది ఐదు ఎంబీ దగ్గర్లో ఉంటుంది. దాన్ని చాలామంది ఎంచుకోవడానికి కారణమూ ఇదే. టైనీకోర్ అనే లినక్స్ అయితే బొమ్మల డెస్క్‌టాప్‌తో కలిపి సుమారు 23 ఎంబీ. మీ ఫోన్‌లో తీసిన అరనిమిషం వీడియో దానికన్నా పెద్దది.

నాకు తెలిసిన ఇంకో కారణం మనసుకి సంబంధించింది. ఐస్‌డబ్ల్యూఎమ్ మెషీన్‌లో నడుస్తున్న ప్రాసెస్‌ల జాబితా తీస్తే చాలావాటి పేర్లు నేను గుర్తుపట్టగలను. ఇది ఎందుకుంది, దీన్ని ఆపితే ఏమవుతుంది అని ఒక్కొక్కదాన్నీ తెలుసుకోవచ్చు. మన ఇంట్లో ఎవరెవరున్నారో మనకి తెలియడం లాంటిది అది. దాని విలువ ర్యామ్ లెక్కల్లో కనిపించదు.

మీరు వాడకపోయినా ఒక పెన్‌డ్రైవ్‌లో పప్పీ వేసి బీరువాలో పెట్టుకోండి. వెంటాయ్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్ తయారుచేస్తే ఐఎస్ఓలు మామూలు ఫైళ్లలా కాపీ చేసుకుంటూ పోవచ్చు, నాలుగు డిస్ట్రోలు ఒకదాంట్లోనే ఉంటాయి. విండోస్ లేవని రోజు, హార్డ్‌డిస్క్ ఇంకా కొనఊపిరితో ఉంటే, ఫొటోలు బయటికి లాగేది అదే. పోయినేడాది మా వీధిలో ఒకాయన చనిపోయారు. ఆయన ల్యాప్‌టాప్ లేవట్లేదని వాళ్లబ్బాయి తీసుకొచ్చాడు. పప్పీతో లేపి, ఫొటోల ఫోల్డర్ బయటి డిస్క్‌లోకి ఎక్కించడానికి మూడున్నర గంటలు పట్టింది. ఆ అబ్బాయి అంతసేపూ పక్కనే కూర్చున్నాడు, ఒక్కో ఫైలు పేరు వెళ్తుంటే చదువుకుంటూ.

ప్రశ్న: మాది కాకినాడలో డీటీపీ సెంటర్. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్ మీదే మా బతుకు. విండోస్ 7 మెషీన్ బాగా స్లో అయింది. లినక్స్‌కి మారమంటారా?

జవాబు: ఆ మెషీన్‌ని మార్చవద్దు. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ లినక్స్ కోసం చేసినవి కావు. విండోస్ ప్రోగ్రాములని లినక్స్ మీద నడిపే వైన్ లాంటి వాటితో కుస్తీ పట్టి పెళ్లికార్డు మధ్యలో ఒత్తు ఎగిరిపోతే మీ గిరాకీ పోతుంది. తిండి పెట్టే మెషీన్ మీద ప్రయోగాలు కూడదు. దాన్ని నెట్ నుంచి తీసేసి డీటీపీకే ఉంచండి. వీలైతే హార్డ్‌డిస్క్ బదులు 120 జీబీ ఎస్ఎస్‌డీ పెట్టించండి. మెయిల్, వాట్సాప్ వెబ్, ప్రింట్ ఫైళ్లు దించుకోవడం లాంటి నెట్ పనులకి మూల పడేసిన ఇంకో పాత సీపీయూ మీ దగ్గర ఉండే ఉంటుంది, దానికి వెయ్యండి లినక్స్. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవుల్లోని విండోస్ వైరస్‌లు అక్కడ పనిచెయ్యవు. ఫైళ్లు ముందు అక్కడ తెరిచి, కావాల్సినవి మాత్రమే డీటీపీ మెషీన్‌కి పంపుకోండి. కొత్త పనులు మాత్రం నెమ్మదిగా యూనికోడ్‌లో చెయ్యడం మొదలుపెట్టండి, అప్పుడు ఏ రోజైనా మారే దారి మీ చేతిలో ఉంటుంది.

ప్రశ్న: అమ్మా, నాకు అరవై నాలుగేళ్లు. మా అబ్బాయి కాలేజీలో వాడిన చిన్న ల్యాప్‌టాప్ అటక మీద దొరికింది. పది అంగుళాల తెర, యాటమ్ ఎన్270, ఒక జీబీ ర్యామ్ అని అడుగున రాసి ఉంది. ఆన్ అవుతోంది. దాని మీద నాకు పీడీఎఫ్ పుస్తకాలు చదువుకోవడం, పాత పాటలు వినడం, మా అమ్మ చేసిన పచ్చళ్ల కొలతలు తెలుగులో రాసి పెట్టుకోవడం కావాలి. షాపులో పారేయమన్నారు. – అమలాపురం నుంచి ఒక గృహిణి

జవాబు: పారేయకండమ్మా. మీరు అడిగిన మూడు పనులూ అది చేస్తుంది.

ఎన్270 నిజంగానే 32 బిట్ ప్రాసెసర్, కాబట్టి మొదటి ఉత్తరంలో మాస్టారికి చెప్పిన 32 బిట్ గొడవ మీకు వర్తిస్తుంది. నెట్ కోసం దాన్ని నమ్ముకోవద్దు, బ్యాంకు, మెయిల్ ఫోన్‌లోనే చూసుకోండి. మీ అబ్బాయినో, దగ్గర్లో చదువుకునే పిల్లలెవరినైనానో అడిగి డెబియన్ 12 ఆధారంగా ఉన్న పప్పీ 32 బిట్ ఎడిషన్ కానీ, యాంటిఎక్స్ 23 32 బిట్ కానీ వేయించండి. ఈ రెండూ ఇంకా ఆ వయసు మెషీన్లని పట్టించుకుంటున్నాయి. బ్యాటరీ చచ్చిపోయి ఉంటుంది, తీసేసి ఛార్జర్ మీదే నడపండి. పీడీఎఫ్‌లకి పెద్ద ప్రోగ్రాములు వద్దు, దానితో వచ్చే చిన్న రీడర్ చాలు. స్కాన్ చేసిన పాత పుస్తకాలైతే పేజీ తిప్పినప్పుడు రెండు మూడు సెకన్లు ఆగుతుంది, కంగారు పడకండి. పాటలు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టమనండి. కొలతలు రాసుకోవడానికి తెలుగు కీబోర్డు కూడా అప్పుడే పెట్టించుకోండి, మాస్టారికి రాసిన పేర్లు ఆ పిల్లలకి చూపిస్తే సరిపోతుంది.

ఒక చిన్న ఇబ్బంది వస్తుంది, ముందే చెబుతున్నాను. ఆ తెర ఎత్తు 600 చుక్కలే. కొన్ని కిటికీలు దానికన్నా పొడుగ్గా ఉండి, కింద ఉండే ఓకే బటన్ తెర బయటికి వెళ్లిపోతుంది. మెషీన్ ఆగిపోయిందనుకుంటారు. అప్పుడు కీబోర్డు మీద ఆల్ట్ నొక్కి పట్టుకుని, మౌస్ ఎడమ బటన్‌తో కిటికీని మధ్యలో పట్టుకుని పైకి జరపండి. బటన్ కిందినుంచి కనిపిస్తుంది.